రిజిస్టరు కవరు తిప్పికొట్టే విద్య

ఒరేయ్ షఫీకూ, ఆగరా! ఆ పెన్ను ముందు జోసెఫు జేబులో పెట్టెయ్. పిడుగురాళ్ళలో నేనొకణ్ణి బతికుండగా, కోటేశ్వరమ్మక్క టీ బంకు ముందు, నా కళ్ళెదురుగా ఒక కుర్రాడు లాయరు నోటీసుకి సంతకం పెట్టటమా? రేపు నలుగురికీ నా మొహం ఎట్టా చూపించాల?

"మరేం చెయ్యమంటావు బాబాయ్?" అన్నాడు షఫీకు. మెకానిక్ షెడ్డులోంచి పానా కింద పడేసి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, చేతులకింకా గ్రీజుంది. "షెడ్డు అప్పుకి లోక్ అదాలత్‌లో నెలకింత అని రాజీ రాసుకున్నాం. ఒక్క నెలా తప్పకుండా కడతానే ఉన్నా. నిన్న ఫోన్ చేసి, నోటీసు పంపాం, షెడ్డుకి తాళమేస్తాం అంటన్నారు. తాళమేస్తే నేనూ షాహిదా పిల్లలూ ఏం తినాల?"

"తీసుకుంటే తీసుకో, లేకపోతే లేదు. నాకింకా సగం బజారు తిరగాల" అన్నాడు మా పోస్టుమాను జోసెఫు, కవరుతో విసురుకుంటా.

తిరుగుదువుగానిలేవయ్యా, ఆ బల్ల మీద కూర్చో. కోటేశ్వరమ్మక్కా, వాడికొక టీ పొయ్యి, షఫీకు ఖాతాలో. చూడు షఫీకూ, అప్పులోళ్ళ నోటీసు కుక్కపిల్ల లాంటిది. నువ్వు చెయ్యి చాపితేనే వెంటబడిద్ది. చేతులు వెనక్కి కట్టుకుని నుంచున్నావనుకో, దాని దారిన అది పోయిద్ది. నువ్వు తీసుకోకపోతే అది నీకు అందనట్టే! అందని నోటీసుకి జవాబేంది, కోర్టేంది? ఈ ఒక్క ముక్క తెలియక జనం పుస్తెలు తాకట్టు పెట్టుకుంటన్నారు. నేను పదో తరగతి దాకా చదివా గాబట్టి పట్టేశా.

"పది తప్పావు గదా" అంది కోటేశ్వరమ్మక్క.

తప్పినా చదివిందే గదక్కా, పరీక్ష రాసినోడికి తెలుసు. సరే, నా లారీ ఫైనాన్సు సంగతి వినండి. నాదీ షఫీకు లాగా రాజీయే, గురజాల కోర్టులో జడ్జిగారి ముందు నెలనెలా కడతానని ఒప్పుకున్నా. కట్టానా లేదా అనేది పక్కన పెట్టండి, అది వేరే శాస్త్రం. మొదటి కవరు వచ్చింది. ఈ జోసెఫే తెచ్చాడు. నేను గడపలో నుంచుని, మీసం దువ్వుకుంటా, 'గురవయ్య ఇంట్లో లేడు' అన్నా. నా మొహం చూసి, నా మాట విని, నిజమేనని నమ్మి వెళ్ళిపోయాడు. ఏం జోసెఫూ?

"మంచం కింద నుంచి అరిచావు బాబాయ్. కాళ్ళు బయటికే ఉన్నయ్."

విన్నారా? కాళ్ళు కనపడినా నమ్మాడు! అదీ మాటలో ఉండే బలం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కవర్లతో పని కాదని మద్రాసు నుంచి ఒకమ్మాయి చేత ఫోన్ చేయించారు. 'సార్, ఇయ్యాల కట్టకపోతే జైలుకి పోతారు' అంది. 'జైల్లో పచ్చట్లో కారం ఎంత వేస్తారమ్మా?' అన్నా. 'ఏంటి సార్?' అంది. అందుకున్నా చూడు, మన పల్నాటి పండుమిరప పచ్చడి ఎట్టా నూరాలో, చింతపండు ఎప్పుడెయ్యాలో, మా అమ్మ రోలు ముందు ఏ పక్కకి తిరిగి కూర్చునేదో, అన్నీ చెప్పుకుంటా పోయా. పొద్దున ఎత్తిన ఫోను, వాళ్ళ ఆఫీసు మూసేసి లైట్లార్పినా పెట్టలా. చివరికి ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చి, 'అన్నా, ఇంత మంచోడి మీదా నేను అరిచింది' అని, ఆ నెల నా వాయిదా తన జీతంలోంచి కట్టేసింది. రాఖీ కూడా పంపింది.

"నేను తేలేదే" అన్నాడు జోసెఫు.

కొరియర్‌లో వచ్చిందిలేవయ్యా, ఊళ్ళో ఉన్న కాయితాలన్నీ నువ్వే తెస్తావా? ఇదిగో షఫీకూ, అసలు సంగతి ఇప్పుడొస్తంది. ఆడపిల్ల మెత్తబడిందని కంపెనీవాళ్ళు బండి పట్టుకుపోయే కుర్రాళ్ళని పంపారు. నలుగురు.

"నలుగురేనా?" అంది కోటేశ్వరమ్మక్క.

నలభై మంది! నలుగురు నా మొహానికా? అప్పుడు నా లారీ బట్టీ కాడ ఉంది, నిండా సున్నం గడ్డలు, అప్పుడే కాల్చి తీసినయ్. వాటికి నీళ్ళు తగిలితే ఎట్టా కుతకుతా ఉడుకుతయ్యో ఈ ఊళ్ళో పుట్టినోళ్ళకి నేను చెప్పాల్నా? పైన పట్టా కట్టలా. వాళ్ళు తాళాలు అన్నారు. 'తీసుకోండి నాయనా, మీ సొమ్మే గదా' అని నేనే చేతికిచ్చా. నలభై మందీ ఎక్కారు. నేను ఆకాశం వంక చూసి ఒక్క చిటికేశా. వాన!

"చిటికేస్తే వానొచ్చిందా?" అన్నాడు షఫీకు.

మబ్బు ముందే ఉందిలేరా, నేను టైము చెప్పానంతే. సున్నం ఉడికింది చూడు, లారీ అంతా పొయ్యి మీద డేగిశా అయిపోయింది. తెల్లటి పొగ. ఆ పొగలో తెల్లబడిపోయి ఒకణ్ణి చూసి ఒకడు దెయ్యమనుకుని నడికుడి దాకా ఆగకుండా ఉరికారు. ఇంటికి పోతే కన్నతల్లులే గుర్తుపట్టలా, ఆధార్ కార్డుల్లో ఫొటోలు మార్పించుకోవాల్సొచ్చింది. ఆ ఆవిరి ఊరికే పోయిద్దా? మబ్బై పోయి రాజుపాలెం మీద కురిసింది, వేన్నీళ్ళు! జనం సబ్బులు పట్టుకుని వీధుల్లో తలంట్లు పోసుకున్నారు. ఒకామె బియ్యం కడిగి గిన్నె వాకిట్లో పెడితే అన్నం అయిపోయిందంట.

"గంజి వార్చుకుందా?" అంది కోటేశ్వరమ్మక్క.

వార్చుకుంది. కందిపప్పు మాత్రం సరిగ్గా ఉడకలేదంట. నేనబద్ధం చెప్పను.

షఫీకు నవ్వాడు. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు. పెన్ను జోసెఫు వైపు జరిపి, "సరే అన్నా, తిప్పి పంపెయ్" అన్నాడు. జోసెఫు కవరు బల్ల మీద పెట్టి, వెనక 'తీసుకోలేదు' అని రాయటానికి పెన్ను మూత తీశాడు.

అదీ మగతనమంటే! రాద్దువుగానిలే జోసెఫూ, ముందు ఇది విను. ఇంక కంపెనీ పెద్దాయనే హెలికాప్టరేసుకుని గురజాల కోర్టు ముందు దిగాడు, వెంట లారీడు నల్లకోట్లు. జడ్జిగారు నన్ను చూసి, 'గురవయ్యగారా, మీరు కూర్చోండి, నేను నుంచుంటా' అన్నారు. నేను ఆ పెద్దాయన్ని ఒకే ఒక్క మాట అడిగా: 'అయ్యా, మీ డబ్బు తీసుకున్నప్పుడు నేను మిమ్మల్ని ఒక్క మాటన్నా అన్నానా? మరి తిరిగి అడిగేటప్పుడు మీకెందుకంత కోపం?' కోర్టంతా గొల్లుమంది. నా మనసు కష్టపెట్టినందుకు కంపెనీయే నాకు బాకీ అని తీర్పు! పెద్దాయన నా కాళ్ళు పట్టుకుని, 'ఒక్కసారే ఇచ్చుకోలేను గురవయ్యా' అన్నాడు. పోనీలే, పిల్లలుగలోడు, నెలకింత కట్టుకో అని నేనే రాజీ రాసిచ్చా. రెండు నెలలు కట్టి మూడో నెల ఎగ్గొట్టాడు!

"అమ్మో, అప్పుడేం చేశావు?" అన్నాడు షఫీకు.

ఏం చేస్తా? నేనే పంపా లాయరు నోటీసు, రిజిస్టరు పోస్టులో! వాడేం చేశాడో తెలుసా? తీసుకోకుండా తిప్పి పంపాడు.

"అయ్యయ్యో" అన్నాడు షఫీకు, నిజంగానే బాధపడి. "అయితే నోటీసు అందనట్టేగా బాబాయ్. నీ డబ్బు పోయినట్టేనా?"

ఎట్టా పోయిద్దిరా పిచ్చోడా! తిప్పి పంపితే అందనట్టని తెలివితక్కువోళ్ళు అనుకుంటారు. కోర్టులో అది అందినట్టే లెక్క! పైగా తన మాట చెప్పుకునే దారి కూడా పోగొట్టుకున్నాడు. అవతలోడు చెప్పిందొకటే విని రాసేస్తారు. ఆ తర్వాత గుండెలు బాదుకున్నా వినేవాడుండడు, బట్టీ కాడ అందరూ చూస్తండగా లోడు కిందకి దింపేసి బండి తోలుకుపోతారు, వెనకాల ఎంత దూరం పరిగెత్తినా...

అక్కడ నేనే ఆగిపోయా.

కోటేశ్వరమ్మక్క గరిట పక్కన పెట్టింది. "గురవయ్యా, హెలికాప్టరులో వచ్చినాయనకి బట్టీ కాడ లారీ యాడిది?"

నేను భుజం మీద తువ్వాలు తీసి దులుపుకున్నా.

"వైజాగు లోడుకి పోయిందని చెప్తావే నీ లారీ. పేటలో ఫైనాన్సోళ్ళు పట్టుకొచ్చిన బళ్ళుంచే యార్డులో చూశానని మా అల్లుడంటే, మా గురవయ్య బండి అక్కడెందుకుంటదని వాణ్ణే తిట్టా."

ఉంటే ఏందక్కా? ఖాళీగా ఉండటం దేనికని నేనే అక్కడ పెట్టించా. వాచ్‌మను జీతం వాళ్ళే ఇస్తారు, మనకి పైసా ఖర్చు లేదు.

ఎవరూ నవ్వలా. షఫీకు గ్రీజు చేతిని చొక్కాకి తుడుచుకుని, జోసెఫు చేతిలోంచి పెన్ను గుంజుకుని సంతకం పెట్టాడు. కవరు చించి జోసెఫు చేతే చదివించుకున్నాడు. పోయిన మూడు వాయిదాలు జమ కాలేదని, కట్టుంటే కాయితాలు చూపించమని రాశారంట.

"కట్టానన్నా! రసీదులన్నీ ఇంట్లో ఉన్నయ్, షాహిదా డబ్బాలో దాచింది."

"అయితే ఇయ్యాలే తీసుకుపోయి గురజాలలో వకీలుకియ్యి. జవాబు ఆయన రాస్తాడు" అన్నాడు జోసెఫు, సంచీ భుజానికేసుకుంటా.

షఫీకు షెడ్డు కాడి నుంచి బండి తెచ్చి, ముందు ఇంటికి పోయి రసీదులు తీసుకుంటానని స్టార్ట్ చేశాడు. ఒరేయ్ ఆగరా, నేనూ వస్తన్నా! కోర్టులో ఎట్టా వాదించాలో ఆ వకీలుకి నాలుగు ముక్కలు చెప్పొద్దూ? అట్టనే నా బండి సంగతి కూడా... ఊరికే, ఒక మాట అడిగి చూద్దాం. జరుగు కొంచెం.

నేను వెనకాల ఎక్కి కూర్చునే లోపల కోటేశ్వరమ్మక్క కేకేసింది: "నువ్వేం వాదించబాకు గురవయ్యా! వాడి రసీదులు గాలికి పోకుండా పట్టుకుని కూర్చో, చాలు."