పిస్తోళ్లు ఠాణాలో ఉన్న రోజులు

ఎల్లారెడ్డి బస్టాండు పక్కన గ్లోరీ హోటల్లో చాయ్ కొనుక్కుంటే భీమేష్ కోతలు కొసరుగా వస్తాయని జనం నవ్వుకుంటారు. హోంగార్డుగా చేసి మానేసిన మనిషి. గ్లోరీ మాత్రం నవ్వదు. పోయినేడాది ఆమె పెనిమిటి స్వామిదాసును పోచారం చెరువు కట్ట మీద ఎవరో జీపులోంచి పిస్తోలుతో కాల్చి చంపారు, ఆటో పక్కకు తీసి తమకు దారి ఇవ్వలేదని. తూటా ఒంట్లోంచి దూసుకుపోయి నీళ్లలో పడింది. కాల్చినప్పుడు పిస్తోల్లోంచి ఎగిరిపడే దాని డొప్ప ఎంత వెతికినా దొరకలేదన్నారు. జీపుకు నంబరు లేదు, కేసు మూలన పడింది.

ఆ పొద్దున మున్సిపల్ ఎలక్షన్ల మైకు దాటిపోయాక, కుర్ర వకీలు శైలేందర్ ఫోన్లో వార్త చూస్తూ అన్నాడు.

"అమ్మేముందే ప్రతి పిస్తోలును ఒకపారి కాల్చి, ఆ డొప్ప సర్కారు దాచిపెట్టుకోవాల్నట. డొప్ప మీద పడే గుర్తు ఏ పిస్తోలుది దానికే ఉంటదట, మన వేలిముద్ర లెక్క. రాష్ట్రాలు గీ పని చెయ్యాల్నా వద్దా అని వాదన నడుస్తున్నది."

"దండుగ," అన్నాడు పెద్దరైతు రాజయ్య. "లైసెన్సు ఉన్నోడు గుర్తు ఇస్తడు. జుక్కల్ సరిహద్దు అవతలికెళ్లి దొంగచాటుగ వచ్చే నాటు తపంచాలకు ఎవడు తీస్తడు గుర్తు?"

"జీపులల్ల తిరిగేటోళ్ల దగ్గర తపంచాలు ఉండయి బాపూ, లైసెన్సువే ఉంటయి," అంది గ్లోరీ. "ఆ డొప్పలు దాచిపెట్టాలె."

భీమేష్ బండి తాళంచెవి బల్ల మీద పడేసి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"సర్కారెందుకు, నేను లేనా? మొదలు చిన్న ముచ్చటనే. ఎలక్షన్లప్పుడు లైసెన్సు పిస్తోళ్లన్ని ఠాణాల జమ చేస్తరు గదా, వాటికి కావలి నేనే, ఒకనాడు ఎస్సై సాబ్ ఒక డొప్ప చూపెట్టి ఇది దేనిదిరా భీమేషూ అంటే, అగో ఆ మూలకున్నదానిది అన్న, చూస్తే దానిదే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? జిల్లా పిస్తోళ్లన్ని నా ముంగట పెట్టిండ్రు. నీళ్ల డ్రమ్ముల ఒక్కొక్కటి కాల్చుకుంట పోయిన, అన్ని గుర్తులు ఇగో, ఈ నెత్తిలనే ఉన్నయి."

"అన్నీనా?" అన్నాడు శైలేందర్.

"జిల్లా ఏంది, రాష్ట్రమంత! లారీలు కామారెడ్డి దాక లైను కట్టినయి. డ్రమ్ము సాలక పోచారం చెరువులనే కాల్చిన, చేపలు ఒడ్డుకొచ్చి దండం పెట్టినయి. ఇగ జిల్లా ఆ చివర డోంగ్లిల ఎవడన్న పేలిస్తే, ఈడ చాయ్ తాగుకుంట వాని ఇంటిపేరు చెప్పేటోన్ని. ఒకపారి నా మీదికే కాల్చిండ్రు. తూటా వస్తాంటే తువ్వాలతోని పట్టిన, గీతలు చదివిన, చల్లారినంక ఎవనిది వాని ఇంటికే పంపిన!"

అందరూ గొల్లున నవ్వారు. పోచారం పేరు చెవిన పడ్డప్పుడే గ్లోరీ గ్లాసులు కడగడం ఆపేసింది. చాయ్ గిన్నె దించి వచ్చి ఎదురుగా నిలబడింది.

"అన్నా, అన్ని గుర్తులు తెలుసంటివి గదా. నా పెనిమిటిని కాల్చింది ఎవని పిస్తోలు?"

భీమేష్ మూతి తుడుచుకున్నాడు.

"డొప్ప దొరకలే గద చెల్లె. దొరికుంటే నిమిషంల చెప్పేటోన్ని. ఆనాడు వాళ్లు కాల్చి పోయినంక కట్ట మీద కావలి నేనే ఉంటి. జాగ అంత జల్లెడ పట్టినం."

రాజయ్య గ్లాసు కింద పెట్టాడు. "నువ్వే ఉంటివా? మరి ఆ తాళంచెవికి ఏలాడేది ఏందిరా? స్వామిదాసు మట్టి అయిన వారం నుంచే చూస్తున్న దాన్ని."

"అది... మా ఫైరింగు ప్రాక్టీసుది, బాపూ."

"ప్రాక్టీసు డొప్పలు ఒక్కటి వదలకుండ వాపసు తీసుకుంటరని నువ్వే చెప్తివి గద, ఇదే కుర్చీల కూసోని!"

భీమేష్ చెయ్యి బల్ల మీదికి వచ్చేలోపే గ్లోరీ తాళంచెవి అందుకుంది. ఇత్తడి డొప్ప. చింతపండుతో తోమి తోమి అద్దంలా మెరిపించాడు. ఏడాదిగా అది రోజూ తన బల్ల మీదే ఉంది, తన చేత్తోనే దాన్ని జరిపి గ్లాసు పెట్టింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. డొప్పను తిరగేసి చూసింది. ఎంత తోమినా, అడుగున పిస్తోలు సూది పొడిచిన గుంట, శైలేందర్ చెప్పిన ఆ గుర్తు, అలాగే ఉంది.

భీమేష్ దాన్ని తిరిగి తీసుకోబోయాడు.

గ్లోరీ పొయ్యి ఆర్పేసి, డొప్పను పిడికిట్లో బిగించింది.

"ఎలక్షన్లు నడుస్తున్నయి. పిస్తోళ్లన్ని ఠాణాలనే ఉన్నయి, దీని గుర్తు దేనితోని కలుస్తదో చూడొచ్చు. కౌంటింగు అయినంక మళ్ల ఎవని ఇంటికి వానియి పోతయి. లే అన్నా, పోదాం. ఇది యాడ దొరికిందో, ఈడ చెప్పినంత గట్టిగ ఆడ చెప్పు."