ఎర్ర బకెట్ల యుద్ధం

ఆ పొద్దున టీకొట్టులో నిలబడ్డానికి చోటు లేదు. టీకొట్టు అక్క కూతురు సాయంత్రం బండెక్కుతోంది. ఆ పిల్ల పటాలంలో లారీ డ్రైవరు. ఎక్కడో చిత్తడినేలల్లో కొత్తగా వేసిన శిబిరానికి పంపుతున్నారు. అక్కడ దోమల జ్వరాలని విన్నప్పటి నుంచీ అక్కకి టీలో చక్కెర ఎంత వేస్తోందో తెలియడం లేదు. ఆ పిల్లేమో బరువెక్కువైందని, పటాలం వాళ్ళిచ్చిన దోమతెరని సంచిలోంచి లాగి బల్లమీద పడేసింది. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచేసి, "తుపాకీకి భయపడనిదాన్ని దోమకి భయపడతానా అమ్మా?" అంటూ నవ్వుతోంది.

అందుకే అక్క మా దోమల దొరని పిలిపించింది. పటాలంలో ఇరవయ్యేళ్ళు దోమల మందు కొట్టి వచ్చిన మనిషి. ఎప్పటిలాగే గ్లాసుని రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని బెంచీ చివర కూర్చున్నాడు.

"దానికో మాట చెప్పన్నయ్యా," అంది అక్క. ఒక్క మాటతో ఆపే రకమా ఆయన!

"చెప్పడానికేముంది చెల్లెమ్మా, నేను చేసింది చాలా చిన్నపని. మూడొందలమంది శిబిరం. రోజుకొకరు చొప్పున పడిపోతున్నారు, చికున్‌గున్యా. మొన్నటిదాకా కొండలెక్కిన వీరులు బూటు లేసు కట్టుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు. డాక్టరమ్మ మురిక్కాలవలన్నీ పూడ్పించింది. ఊహూఁ, లాభం లేదు. అప్పుడు నేను వెళ్ళి మీసం దువ్వి ఒక్క చూపు చూశాను, అంతే! 'అమ్మా, మీ దోమ మురికిలో లేదు, అదిగో ఆ ఎర్ర బకెట్లలో ఉంది' అన్నాను. నిప్పంటుకుంటే ఆర్పడానికి ప్రతి గుడారం ముందూ నీళ్ళ బకెట్లు వేలాడదీస్తారు కదా, అవి నిండుగా లేకపోతే శిక్ష. మంచినీళ్ళు, చల్లటి నీడ, దోమకి పుట్టింటి వైభోగం! నూటఇరవై బకెట్లూ బోర్లించి ఇసక పోయించాను. నిప్పునైతే ఇసకా ఆర్పుతుంది, దాంట్లో దోమ మాత్రం పుట్టదు."

"ఇంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు సైకిళ్ళ మెకానిక్.

"నమ్మక చస్తావా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పుట్టిల్లు పోయిన దోమలు నామీద పగ పట్టాయి. దోమంటే మీ టీకొట్టు దోమ అనుకునేరు, అక్కడిది పిచ్చుకంత! ఒకటొచ్చి కాపలావాడి ఇనుపటోపీ ఎత్తుకుపోయింది, రెండోది వచ్చి కొలత సరిపోలేదని తిరిగిచ్చేసిపోయింది."

"మంచి దోమే!" అన్నారెవరో.

"క్రమశిక్షణ ఉన్న దోమలయ్యా అవి! నేనూరుకుంటానా? తెరలన్నీ మందునీళ్ళలో ముంచి ఆరేశాను. వాలిన దోమ వాలినట్టే గుటుక్కుమనేది. పొద్దున్నే తెరలు దులిపితే పడ్డ దోమల్ని మోయడానికి ఏడు లారీలు పెట్టాల్సొచ్చింది."

"డ్రైవర్లెవరు మామయ్యా?" అంది ఆ పిల్ల.

"మధ్యలో అడ్డురాకమ్మా, అసలు కథ ఇప్పుడే. ఒకరోజు పట్టపగలు నాలుగింటికి ఆకాశం నల్లబడింది. మబ్బనుకున్నాం. మబ్బు కాదు, దోమలు! నాలుగు వరసల్లో బారులు తీరి, ముందు బ్యాండుమేళం, వెనక సేనాపతి! మూడొందల మందీ మంచాల కింద దూరారు. నేనొక్కణ్ణే నీళ్ళట్యాంకు ఎక్కాను. చేతిలో మందు లేదు, కర్ర లేదు. ఏం చేశానో తెలుసా? చప్పట్లు కొట్టాను. ఒక్కటంటే ఒక్క చప్పట! ఆ గాలికి నలభైవేల దోమలు నేలకి అంటుకుపోయాయి. మిగిలినవి క్షమించమని నా కాళ్ళమీద పడ్డాయి. సేనాపతి తన ముల్లు పీకి కత్తిలా నా చేతికిచ్చింది. అంతటితో అయిందా? కొండ అవతల శత్రుసైన్యం ఆ చప్పుడు విని, ఫిరంగులనుకుని తెల్లజెండా ఎత్తేసింది! యుద్ధం ఆగిందే నా చప్పటతో. ఆనాటినుంచీ ఏ దోమా నా ఒంటిమీద వాలలేదు."

కొట్టంతా గొల్లుమంది. అక్క కూడా నవ్వింది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ లేచొచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"మామయ్యా, ఆ చప్పట ఇప్పుడొక్కసారి కొట్టు. విని వెళ్తాను."

దొర గ్లాసు కింద పెట్టాడు. చేతులు రెండూ పైకెత్తాడు. వేళ్ళు కొక్కేల్లా వంగే ఉన్నాయి, తిన్నగా సాగడం లేదు. అరచేతులు దగ్గరికి తెచ్చాడు గానీ చప్పుడు రాలేదు. ఇన్నేళ్ళూ ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం చూసి, చలి మనిషి కాబోలనుకున్నాం మేం. సిగ్గేసింది.

"ఒక్క చూపుతో కనిపెట్టానన్నావే?" అన్నాడు మెకానిక్, మెల్లిగా.

"చూపుతో ఎవడు కనిపెడతాడయ్యా?" అన్నాడు దొర. "ఏ దోమో, ఎన్నింటికి కుడుతుందో తెలియాలంటే ఎవరో ఒకరు చెయ్యి చాపాలి. బకెట్ల పక్కన స్టూలేసుకుని, చొక్కా చేతులు మడిచి కూర్చునేవాణ్ణి. వాలినదాన్ని కుట్టకముందే గాజు గొట్టంలో పట్టి, టైము రాసి డాక్టరమ్మకివ్వడం. అలా ఐదు రోజులు బాగానే పట్టాను. ఆరోరోజు మధ్యాహ్నం ఓ కునుకు పట్టేసింది."



"మరి ఆ మూడొందల మంది?" అంది ఆ పిల్ల.

"వాళ్ళకేం, రాయిలా ఉన్నారు. నెల తిరిగేసరికి ఆసుపత్రి గుడారంలో నేనొక్కణ్ణే. చుట్టూ మంచాలన్నీ ఖాళీ. వాటిని చూస్తూ పడుకుంటే ఎంత హాయిగా ఉండేదనుకున్నావ్!"

ఈ మాట మాత్రం ఆయన కోతలు కోస్తున్నట్టు చెప్పలేదు. ఇంతటి మనిషి మా బెంచీమీద కూర్చుని రోజూ మాకు అబద్ధాలు చెబుతున్నాడా అనిపించింది నాకు.

ఆ పిల్ల మడిచిన చేతులు ఒక్కొక్క మడతే విప్పి, మణికట్టు దాకా దించి గుండీలు పెట్టుకుంది. బల్లమీది దోమతెర తీసి, సంచిలో ఉన్న రెండో జత బూట్లు బయటపెట్టి, ఆ చోట్లో కుక్కింది. అక్క పొయ్యివైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది.

దొర రెండు చేతులతో గ్లాసెత్తుకుని, చల్లారిన టీ గటగటా తాగి మీసం తుడుచుకున్నాడు.

"చూశావా చెల్లెమ్మా, కూర్చున్న చోటునించి కదలకుండా ఆ చిత్తడినేల దోమలన్నిటి నోట్లో మట్టి కొట్టాను!"

ఈసారి ఎవరూ కాదనలేదు.