ఎనిమిదో బీరువా

హనుమేష్ టీ తాగేదానికి కూచుంటే గ్లాసన్నా చల్లారుతాది గాని నోరు చల్లారదు. కోడుమూరు బస్టాండు పక్కన టీ బంకు నడిపే శివకుమారికి ఈ సంగతి పదేండ్లుగా తెలుసు. ఇన్నాళ్లూ నవ్వి ఊరుకునేది. ఈసారి మాత్రం కడుపు మండింది. ఆమె తమ్ముడు వీరభద్రకు సోమవారం కర్నూల్లో, ఒక ఆస్పత్రిలో కంప్యూటర్ పనికి ఇంటర్వ్యూ. రెండేండ్లు చెప్పులరిగేలా తిరిగితే వచ్చిన పిలుపు. వాడేమో అది వదిలేసి, అదే సోమవారం బెంగుళూర్లో జరిగే ఏదో పెద్ద డేటా సదస్సుకు హనుమేష్ వెంట పోతానని కూచున్నాడు. ఆడ స్టేజీ మీదనే ఉద్యోగం ఇప్పిస్తానని మాటిచ్చినాడంట ఈ మహానుభావుడు.

“నేను చేసింది శానా చిన్న పనిలేప్పా,” అని మొదలుపెట్టినాడు హనుమేష్. “మా కంప్యూటర్ ఆఫీసులో వైరు ఊడింటే పెట్టినా, అంతే. అది పెడతానే యాడాడో ఆగిపోయిన బస్సులన్నీ కదిలినాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? పెద్ద సారు పరిగెత్తుకుంటా వచ్చి, హనుమేషప్పా, దేశం లెక్కంతా ఒకే మిషన్లో ఉండాది, అది పోతే మన గతేమి అన్నాడు. నేనన్నా, సారూ, పాసుబుక్కులన్నీ ఒకే బీరువాలో పెడితే ఎలుక కొట్టదా, ఏడు ఊర్లలో ఏడు బీరువాలు పెట్టు, ఒకటి పోతే ఇంకోటి పలుకుతాది అన్నా. దానికే ఇప్పుడు డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేస్ అని ఇంగ్లీషు పేరు పెట్టుకోని సదస్సులు చేస్తాండారు.”

“నీ పేరు పెట్టలేదేమప్పా?” అన్నాడు హమాలీ మారెన్న, బన్ను టీలో ముంచుకుంటా.

“నేనే వద్దన్నా. ఇంకా ఇను. ఏడు బీరువాలూ ఒకే దినం మొరాయిస్తే? అందుకని ఎనిమిదోది నా తలకాయలో పెట్టినారు. నూట నలభై కోట్ల మంది పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి పేర్లతో సహా. ఇప్పుడు నేను క్షవరం చేయించుకోవల్లన్నా ఢిల్లీ నుంచి కాగితం రావల్ల. మొన్న జలుబు చేసి తుమ్మితే రెండు మండలాల రేషన్ కార్డులు ఎగిరిపోయినాయి. మళ్లా ఊపిరి లోపలికి పీల్చి ఒక్కొక్కటే ఎక్కించినా.”

“మా కార్డు పీల్చడం మర్చిపోయినట్టుండావు,” అన్నాడు మారెన్న. “రెండు నెలలుగా బియ్యం రాలే.”

వీరభద్ర నవ్వలేదు. నోరు తెరుచుకోని వింటాండాడు. డిగ్రీ చదివినోడు గూడా ఇట్లా గొర్రె మాదిరి తలూపితే ఇంక ఎవరికి చెప్పుకునేది అనుకునింది శివకుమారి.

“సోమవారం నేను మైకు ముందర నిలబడతానే, అమెరికా మిషన్లు గూడా లేచి దండం పెడతాయి సూడు,” అన్నాడు హనుమేష్.

శివకుమారి స్టవ్వు తగ్గించి, పెన్నూ కాగితమూ తీసుకునింది. “బాగుండాది హనుమేషప్పా. అంత పెద్ద ఊర్లో, ఆ జనంలో మావాడు తప్పిపోతాడేమో. నిన్ను యాడ వెతుక్కుంటాడు? నీ నంబరు చెప్పు, రాసిస్తా.”

“కొత్త సిమ్ము...” హనుమేష్ జేబు తడుముకున్నాడు. “తొమ్మిది ఎనిమిది... కాదు, ఎనిమిది తొమ్మిది... ఉండు, మీవోనికి మిస్డ్ కాల్ ఇస్తా.” ఫోను రెండుసార్లు నొక్కి, ఛార్జింగ్ అయిపోయింది అన్నాడు.

“అందరి నంబర్లూ ఉండే తలకాయలో నీది లేదా?” అనింది శివకుమారి. “పోనీలే, ఇంకా ఏడు బీరువాలుండాయి కదా. యాడన్నా ఒకదాన్ని పలకమను.”

మారెన్నకు టీ పొలమారింది. హనుమేష్ బస్సు వచ్చిందన్నట్టు లేచి రోడ్డు దిక్కు పోయినాడు. ఆ టైముకు ఏ బస్సూ లేదు.

వీరభద్ర లేచి హనుమేష్ వదిలిపోయిన గ్లాసు కడిగి పెట్టినాడు. తర్వాత మెల్లగా, “అక్కా, సోమవారం కర్నూలుకు మొదటి బస్సు ఎన్నింటికి?” అన్నాడు.

“ఆరింటికి. చొక్కా ఇస్త్రీ చేసి పెట్టినాలే,” అనింది శివకుమారి.