రేపటి గాలి లెక్క

నా గొప్ప నేనే చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పరు కనుక. ఇంజనీరింగు మూడుసార్లు తప్పాను. అమీర్‌పేటలో జావా నేర్చినవాళ్లంతా మాదాపూర్ వెళ్లిపోతే, నేను జిరాక్సు నోట్సులతో మిగిలి, పంజాగుట్టలో ఓ చిన్న ఆఫీసులో కుదురుకున్నాను. పేరు చలపతిరావు. పని, రేపటి గాలి లెక్క కట్టడం. గాలిమరల నుంచి రేపు ఏ పావుగంటకు ఎంత కరెంటు వస్తుందో నేను ముందురోజే రాసి పంపితే, కంట్రోల్ రూమువాళ్లు అది నమ్మి మిగతాది ఇంకోచోటి నుంచి సర్దుకుంటారు.

ఆ జులై సాయంత్రం నాలుగున్నరకు రాజనర్సయ్య టీ బండి దగ్గర, రోజూ అక్కడే కలిసే సాలమన్ నన్ను ఒక్కటే అడిగాడు. యూసుఫ్‌గూడలో వాళ్లమ్మ యేసుమణి గారు ఆక్సిజన్ మిషన్ మీద ఉన్నారు. ఇన్వర్టరు గంటకు మించి లాగదు.

"అన్నా, ఇయ్యాల కరెంటు ఉంటదా? పోతదంటే అమ్మను ఇప్పుడే దవాఖానకు తీస్కపోత."

ఉంటుందనో పోతుందనో ఒక్క ముక్కలో చెప్పే అలవాటు నాకు లేదు.

"నన్నే అడుగుతున్నావా సాలమన్? పోయిన నెల మబ్బు పట్టి సోలారు పడిపోతే ముందు చెప్పిందెవరు? నేను. డ్యాములో నీళ్లు వదలండి అన్నాను, వదిలారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్లకిక కంప్యూటర్ల మీద నమ్మకం పోయింది. నేను మేడెక్కి వేలు తడిపి పైకెత్తితే చాలు, అనంతపురంలో ఎన్ని గాలిమరలు తిరుగుతున్నాయో చెప్పేస్తాను, ఆగినవాటి నంబర్లతో సహా."

"వేలికి గంత తెలుస్తదా," అన్నాడు రాజనర్సయ్య పాలు కలుపుతూ.

"ఇంకా విను. ఓ రోజు పొద్దు వాలుతోంది, సోలారు దిగిపోతోంది, గాలి ఇంకా లేవలేదు, మధ్యలో అరగంట ఖాళీ. రాష్ట్రమంతా చీకటే. నేను సూర్యుడికి చెయ్యి అడ్డం పెట్టి, కాస్త ఆగండి సార్, గాలిగారు దారిలో ఉన్నారు అన్నాను. బంజారాహిల్స్ మీద అరగంట వేలాడాడు పాపం. ఇంతలో గాలి వచ్చింది చూడు, మరీ ఎక్కువొచ్చింది. కృష్ణానగర్‌లో ఓ జూనియర్ ఆర్టిస్టు గదిలో ఫ్యాను ఎంత జోరుగా తిరిగిందంటే, గది గదంతా లేచి శ్రీనగర్ కాలనీలో దిగింది. వాడు తన గుమ్మంలోంచి తను బయటికొస్తుంటే, ఎవరింటికొచ్చావని కాలనీ వాచ్‌మన్ అడిగాడట."

"మళ్ల వాపసొచ్చిందా గది?" అన్నాడు రాజనర్సయ్య.

"గాలి తగ్గాక వచ్చింది. కిటికీలే అటువి ఇటు మారాయి."

సాలమన్ నవ్వలేదు. "నీ ముచ్చటంతా మంచిగుంది గని, పొద్దటి సంది ఆకు కదల్తలేదన్నా. ఇయ్యాల ఏడింటికి గాలి కరెంటు ఎంతొస్తదని రాసినవ్?"

"మూడొందల మెగావాట్లు."

"నిన్నటికి?"

"మూడొందలు."

"మొన్నటికి?"

గ్లాసులో టీ ఎప్పుడో అయిపోయింది. అయినా తాగాను.

మా ఆఫీసులో అందరం చేసే పనే అది. గాలి కాలంలో ఒక రోజు ఇంకో రోజులాగే ఉంటుంది కదా అని, నిన్నటి అంకెల వరసను రేపటికి అతికించి తేదీ మారుస్తాం. మధ్యాహ్నం నుంచి గాలిమరలన్నీ నిలబడిపోవడం తెర మీద చూశాను కూడా. కంట్రోల్ రూముకు ఫోన్ చేస్తే అతికించిన సంగతి బయటపడుతుందని చెయ్యలేదు.

"ఫోన్ చెయ్యి," అన్నాడు సాలమన్.

చేశాను. కంట్రోల్ రూమాయన నా మాట పూర్తి కానివ్వలేదు. "ఇప్పుడా చెప్పడం? ఇక ఎక్కణ్ణుంచి తెస్తాం? ఆరింటి నుంచి కొన్ని ఏరియాలకు కరెంటు ఆపేస్తున్నాం." యూసుఫ్‌గూడ ఉందా అని అడిగాను. ఉందట. మళ్లీ ఎప్పుడిస్తారో ఆయనకే తెలియదట.

సాలమన్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కుర్చీల కూసోబెట్టి దింపాలె. వెనక దిక్కు నువ్వు పట్టు."

రాజనర్సయ్య స్టవ్వు ఆర్పి, ఆటో పిలవడానికి రోడ్డు మీదికి పోయాడు.

ఐదున్నరకు మేం మెట్లు దిగుతున్నాం. కుర్చీలో పెద్ద బరువేం లేదు. రెండో అంతస్తు మలుపులో యేసుమణి గారు తల కొంచెం వెనక్కి తిప్పి, ఊపిరి కూడదీసుకుని, "ఎవరు నాయనా నువ్వు," అన్నారు.

"మాట్లాడకండమ్మా," అన్నాను.