చీపురు కట్టకు పదకొండు రోజులు

అబేలని ఒకడుండేవోడంట మా ఈదులమెట్టలో, తాటాకు కప్పు నేసేవోడు. మా నాయనమ్మ చెప్పిన మాటే చెప్తన్నా, నేను చూసిందేం లేదు. అబేలు నేసిన కప్పంటే నాలుగేళ్ళు చినుకు లోపలికి రాదంట. ఆకు పరవడం ఎవుడైనా పరుస్తాడు గానీ, పైన రెండు వాలులూ కలిసే చోట కొప్పు కట్టడం ఉంది చూడు, అది ఆ చుట్టుపక్కల ఆడికొక్కడికే వచ్చంట. అంత పనోడు, అందరిళ్ళూ నేసేవోడు గానీ గుడి గడప మాత్రం తొక్కేవోడు కాదు. గుడంటే మన ప్రార్థన గుడే. అప్పుడది మట్టి గోడలు, తాటాకు కప్పు అనుకో. ఎందుకు తొక్కడంటే దానికో సంగతుంది. ఏయ్ పిల్లా, ఆ గుసగుసలు మాని ఇటు విను, మళ్ళీ నన్నడిగితే చెప్పను.

కోతల పండగ మీకు తెలుసుగా. కోతలైనాక ఒక ఆదివారం ఎవురికి పండింది వాళ్ళు గుడికి తెచ్చి దేవుడి ముందు పెట్టడం, ప్రార్థనైనాక అవన్నీ వేలం పాట పెట్టడం. గుమ్మడికాయ తెచ్చేవోళ్ళు గుమ్మడికాయ, కోడి తెచ్చేవోళ్ళు కోడి. ఇప్పుడూ చేత్తన్నాం, కాకపోతే అప్పుడొక కట్టడి ఉండేదంట. నువ్వు తెచ్చింది నువ్వు పాడకూడదు, నీ సొంతోళ్ళూ పాడకూడదు. పైవోళ్ళు పాడితేనే నీ కానుకకి మర్యాద. ఆ ఏడు అబేలు పెళ్ళాం నిరీక్షణమ్మకి ఒంట్లో బాగాలేదు, కూలికి పోలేదు, ఇంట్లో గింజ లేదు. ఉత్త చేతుల్తో ఎట్టా పోతాను అనుకుని, మొగుడు కోసుకొచ్చిన ఆకుల్లోంచి మంచి మంచి ఈనెలు ఏరి, పదిహేను రోజులు మంచంలో కూచునే చీపురు కట్టిందంట. పిడికి ఎర్ర గుడ్డ చుట్టి, ముచ్చటగా తెచ్చి గుమ్మడికాయల పక్కన పెట్టింది. ఏమైందంటే, పాట చీపురు దగ్గరికొచ్చేతలికి ఒక్కళ్ళూ నోరు తెరవలా. చెడ్డతనం కాదమ్మా, నువ్వు పాడతావులే అని నేను, నేను పాడతాలే అని నువ్వు. అంతలో సంఘ పెద్ద జక్కరయ్య, పాట పెట్టేది ఆయనే, మంచోడే గానీ నోటికి అదుపు లేదు, "దీనికి పాటెందుకులే, గుడి ఊడవడానికి ఆ మూలన పడెయ్యండి" అన్నాడంట. అందరూ గొల్లుమని నవ్వారు. నిరీక్షణమ్మ తల వంచుకుని ఏడ్చేసింది. అబేలు లేచాడు, ఒక చేత్తో చీపురు, ఇంకో చేత్తో పెళ్ళాం చెయ్యి పట్టుకుని బయటికొచ్చేశాడు. మళ్ళీ ఎండాకాలానికి ఆవిడ జొరమొచ్చి చనిపోయింది, పాపం. చీపురు మాత్రం ఆడు వాడలేదు, ఎవుర్నీ ముట్టుకోనియ్యలేదు, ఇంట్లో వాసానికి కట్టి పెట్టుకున్నాడు.

నాలుగేళ్ళు గడిచినయ్. గుడి కప్పు కుళ్ళిపోయింది. మన గుళ్ళో ప్రార్థన చెప్పే అయ్యగారికి పైన, పెద్దయ్యగారని ఒకాయన సంఘాలు చూసుకుంటా వచ్చాడు. ప్రార్థన మధ్యలో ఇంత కుళ్ళాకు ఆయన నెత్తి మీదే పడిందంట! ఆయన దులుపుకుని, ఇది మనుషులు కూచునే చోటేనా, వానలు పడేలోపు కప్పేసుకుంటే సరి, లేదా మీ అయ్యగార్ని వేరే ఊరు పంపిచ్చేస్తా, మీరు వాగవతలి గుడికి పొండి అన్నాడు. వాగవతలికి! వానాకాలం ఆ వాగులో మొగోళ్ళకే నడుం లోతు నీళ్ళు. ముసలోళ్ళేం కావాల, బాలింతలేం కావాల? రేపు ఊళ్ళో ఎవురన్నా పోతే నాలుగు ప్రార్థన మాటలు చెప్పే దిక్కుండొద్దా? పొరుగూరి నుంచి ఇంకో నేతగాణ్ణి తెచ్చారు. ఆడు కొప్పు ఎత్తు చూసి, నాకు పెళ్ళాం పిల్లలున్నారు సామీ అని దణ్ణం పెట్టి పోయాడు.

ఇక చేసేదేముంది, జక్కరయ్యే అబేలు దగ్గరికి పోయాడు. రెట్టింపు కూలిస్తాం రారా అంటే, అబేలు తలెత్తకుండా ఆకు కోసుకుంటానే, "నా చేతికి రెట్టింపు కడతన్నావా పెదనాయనా, మా ఇంటిదాని చేతికి అర్ధణా కట్టినోడు లేకపోయాడే" అన్నాడంట. జక్కరయ్య వచ్చిన దారినే వెనక్కి పోయాడు. తర్వాత అయ్యగారు పోయాడు. ఆ చేతిపని దేవుడిచ్చిందే కదా అబేలూ, ఆయనకి చెయ్యవా అన్నాడు. దేవుడితో నాకు తగువు లేదయ్యగారూ, తగువంతా ఆయన ఇంట్లో కూచుని నవ్వినోళ్ళతోనే అన్నాడు. ఏమంటాం? ఆడి మాటలో తప్పుందా? మీరే చెప్పండి.

సువార్తమ్మని ఒక ముసలామె, పళ్ళూడిపోయినయ్ గానీ నోరు మాత్రం ఊడిపోలేదు. ఆదివారం ప్రార్థన కాగానే వాకిట్లో అడ్డంగా నిలబడి, ఎవురూ ఇళ్ళకి పోవద్దు, అబేలు దొడ్లోకి నడవండి అందంట. ఎందుకే అంటే, "తిలాపాపం తలా పిడికెడు. ఆ రోజు నేనూ నవ్వా, నువ్వూ నవ్వావు. ఆ పాట మధ్యలో ఆగిపోయింది, పోయి పూర్తి చేసొద్దాం" అంది. జనమంతా, అయ్యగారితో సహా, ఆమె వెనకాల బయలుదేరారు. అబేలు అన్నం తింటన్నాడు, ఇంతమందిని చూసి చేయి కడుక్కుని లేచాడు. చీపురు పాట పెట్టరా అందామె. నేనమ్మను, మీ డబ్బులు నాకక్కర్లేదు అన్నాడు. "డబ్బులా? నా కొంగు విప్పి చూడు, పొగాకు ముక్క తప్ప ఏముంది? నా పాట ఒక రోజు! గుడి కప్పు దగ్గర కూచుని నీకు ఆకు అందిస్తా" అంది ముసల్ది. ఎవుడో వెనకాల నుంచి రెండు రోజులన్నాడు. ఇంకోడు బండీ ఎడ్లతో మూడు రోజులన్నాడు. ఇక చూసుకో, మనోళ్ళకి పాట పౌరుషం తెలుసుగా! నాలుగు, అయిదు, ఏడు. ఎందుకట్టా ఎగబడ్డారనుకున్నారు? ఎక్కువ పాడినోడే చెయ్యాల, తక్కినోళ్ళకేం పోయింది, నోరేగా అనుకున్నారు దొంగ సచ్చినోళ్ళు! ఆఖర్న జక్కరయ్య ముందుకొచ్చాడు. "పదకొండు రోజులు. నా దిబ్బ మీది తాటిచెట్ల ఆకంతా ఊరికే తీసుకోండి. నా నోటి దురుసుకి ఆ పిల్ల ఏడ్చుకుంటా పోయింది. తప్పయిందిరా అబేలూ, ఆమె ఉన్నప్పుడే వచ్చి అడగాల్సింది" అన్నాడు. అంతెత్తు మనిషి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. అబేలే వాసాన్నుంచి చీపురు విప్పుకొచ్చి, ఒకటోసారి, రెండోసారి అన్నాడు. మూడోసారి అనలేక ఏడ్చేశాడంట. సువార్తమ్మే అంది మూడోసారి.

పాటైపోయింది కదాని అందరూ కదిలారు. ఆగండ్రా, ఎక్కడికి, అంది ముసల్ది. "చీపురు జక్కరయ్యది. రోజులు మాత్రం పాడినోళ్ళందరివీ. అయ్యగారి ముందు నోటితో అన్నారా లేదా?" ఓడిపోయినోడు కట్టడం ఏ ఊళ్ళో ఉందే ముసలిదానా అని గోల చేశారు. అయ్యగారు నవ్వు ఆపుకోలేక, అన్నారు కదా మరి అన్నాడంట. చచ్చినట్టు వచ్చారు. రెండు రోజులన్నోడు మూడో రోజు కూడా ఉండిపోయాడు, పని మధ్యలో వదిలి పోబుద్ధి కాలేదంట. ఆడోళ్ళు పొద్దున్నే గంజి కాచి తెచ్చేవోళ్ళు, సువార్తమ్మ ఆకు అందిస్తా అందర్నీ తిడతా ఉండేది. అబేలు కొప్పు మీద కూచుని కింద ఎవుడు ఎట్టా లాగాలో కేకేసి చెప్పేవోడు. జక్కరయ్యనీ కేకేసేవోడు, ఆయన ఊఁ అని లాగేవోడు. కొప్పు కట్టిన మూడో రోజే వాన. మామూలు వాన కాదు, మూడు రోజులు వదల్లేదు. పెద్దయ్యగారు ఆ వానలోనే తడిసి ముద్దయి వచ్చి, లోపలికి పోయి పైకి చూస్తా అటూ ఇటూ తిరిగాడంట. ఒక్క చినుకు లేదు. మీ అయ్యగారు మీ దగ్గరే ఉంటాడు, ముందు నాకో పొడి పంచె ఇయ్యండి అన్నాడు. అబేలు నాలుగేళ్ళకి ఆ ఆదివారం గుడికొచ్చి, ఆడోళ్ళ వైపు గోడ పక్కన, ఆమె కూచునే చోటికి దగ్గరగా కూచున్నాడంట. ఆడోళ్ళు జరిగి చోటిచ్చారు. నవ్విన నాపచేనే పండుద్దని ఊరికే అన్నారా.

అదమ్మా సంగతి. ఇప్పుడు తాటాకు లేదు, సిమెంటు గుడి, ఫ్యాన్లు కూడా వచ్చినయ్. కానుక వేసేటప్పుడు జేబులో చెయ్యి పెట్టి చిరిగిన నోటు వెతికేవోళ్ళూ వచ్చారు, నేను పేర్లు చెప్పను, ఈడే ఉన్నారు. సరే గానీ, ఇందాకట్నుంచి వంచిన తల ఎత్తకుండా రాసుకుంటన్నావే బాబూ, నీ రాత గుండ్రంగా ముచ్చటగా ఉంది. మా గుడి పిల్లలకి ఆదివారం మజ్జానం చదువు చెప్పే దిక్కు లేదు. కథ ఊరికే వచ్చిందనుకున్నావా? ఎన్ని ఆదివారాలు వస్తావో పాడి, అప్పుడు ముయ్యి ఆ పుస్తకం.