తూకం ముల్లు చుట్టు తిరిగిన ఏడు

పోటీలో తన మడే గెలిచిందని మెట్రో జలెస్‌చుక్‌కి మొట్టమొదట చెప్పినవాడు తూకం బండి నడిపే పీట్ డైక్. పీట్ పోయి చాలా కాలమైంది. అవునా కాదా అని అడగడానికి లేదు. అది మెట్రోకి బాగా కలిసొచ్చింది.

కెనడాలోని సస్కాచెవాన్‌లో, వాళ్ల ఊరి స్కేటింగ్ రింకులో, ఆ పొద్దున కాఫీ బల్ల చుట్టూ ఎప్పటివాళ్లే చేరారు. గోడకుండే చెక్క పలక దించి బల్ల మీద పరిచారు. ఏటేటా ఆవాల జాతి నూనెగింజ పంట కనోలా రకాల పోటీలో గెలిచిన రైతుల పేర్లు దాని మీద ఉంటాయి. వెలిసిపోయాయని మెట్రో పొరుగింటి వెర్నా కొత్త రంగు వేయబోతోంది. అందులో ఒక్క వరుస మీద మెట్రోకి ముప్పై ఏళ్ల కక్ష. అక్కడ, ఇప్పుడు ఎదురుగా కూర్చున్న ఆర్విడ్ లొకెన్ పేరు ఉంది. ఇవాళ దాని మీద రంగు పడిందంటే ఇంకో ముప్పై ఏళ్లు చెక్కుచెదరదు. అన్నాళ్లు తనుండడు.

"ఆగు వెర్నా, బ్రష్షు ముంచకు, ముందు విను. ఆ ఏడు పోటీ నా పొలంలోనే. పక్కపక్కనే పొడుగాటి మళ్లు, ఒక్కో మడిలో ఒక్కో రైతు తెచ్చిన రకం. నాది చివర, గాలికి అడ్డం వేసిన చెట్లవరస పక్కన. మిగతావాటి కంటే జానెడు ఎత్తు పెరిగింది. జానెడే. నేను ఎక్కువ చెప్పే మనిషిని కాను."

"మొదలైంది," అన్నాడు ఆర్విడ్, కాఫీ కలుపుకుంటూ.

"నువ్వు నోరు ముయ్యరా. జూలైలో పూతకొచ్చింది. ఎంత పసుపంటే, పొద్దు గూకినా ఊళ్లో చీకటి పడలా. కోళ్లు నిద్ర మానేసి గుడ్లు పెట్టాయి. తేనెటీగలు తాగిన తేనె బరువుకి ఎగరలేక, రోడ్డు పట్టుకుని వరసగా నడుచుకుంటూ ఇంటికి పోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వద్దన్నా చెప్తావుగా!" అన్నాడు ఆర్విడ్.

"కాయలు పడ్డాయి. ఒక్కోటి నా బొటనవేలంత. కోత మిషన్ తోలుకుని లోపలికి పోయానా, దారి తప్పాను. పైన ఆకాశం కూడా కనపడదు. మా అమ్మ గట్టు మీద నిలబడి, పూర్వం ఆవుల్ని పిలిచినట్టు పిలిస్తే, ఆ గొంతు పట్టుకుని బయటపడ్డాను."

"ఎన్నాళ్లకి?"

"మంచు పడేలోపు వచ్చేశాలే. గింజలు తూకం బండిలో పోస్తే ముల్లు గిర్రున ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది, వచ్చి వచ్చి సున్నా దగ్గర ఆగింది. 'గెలిచావు మెట్రో' అన్నాడు పీట్, నా చెవిలో. కమిటీవాళ్లకి సున్నా ఒక్కటే కనపడింది. పేరు వీడికి పోయింది!"

అందరూ పడీపడీ నవ్వారు. వెర్నా నవ్వలేదు.

"చెట్లవరస పక్కన మడి కాకముందు ఏముండేది మెట్రో?" అంది.

మెట్రో ఖాళీ కప్పు ఎత్తి తాగాడు. వెర్నానే చెప్పింది.

"మీ అమ్మ పశువుల కొట్టం. నేనూ ఆవిడా కూర్చుని పాలు పితికిన చోటు. అన్నేళ్లు పెంట తిన్న నేలలో కంచె గుంజ పాతినా పూస్తుంది. అందుకే కమిటీ నీ మడిని పోటీలోంచి తీసేసింది. మరుసటేడు అదే విత్తనం రోడ్డవతల వేశావుగా, మోకాలు దాటిందా?"

ఆర్విడ్ బల్ల గుద్ది మరీ నవ్వాడు. మెట్రోకి ఆ నవ్వు వినపడలేదు. చలి పొద్దున పొగలు కక్కే పాల బకెట్టు, తలగుడ్డ కట్టుకుని ఆవు డొక్కకి నుదురు ఆనించిన అమ్మ. ఆవుల్ని అమ్మేశాక ఆ కొట్టం పడగొట్టి నేల చదును చేసింది తనే.

"నువ్వు పితికింది ఏ ఆవుని?" అన్నాడు మెట్రో.

"జోర్కాని. ఒకటే తన్నుడు."

"దానికి తన్నే గుణం లేదు. నీ చేతులు చల్లగా ఉండేవి."

మెట్రో పలక మీదున్న ఆర్విడ్ పేరుపై వేలు ఆనించాడు.

"సరే, నా పేరు వద్దు. కానీ పండించింది ఎవరో నువ్వే చెప్పావు కదా. ముప్పై ఏళ్లుగా తప్పు పేరు వేలాడుతోంది, ఎవరో ఒకరు సరిచేయాలి. ఇది చెరిపి కలీనా, జోర్కా, లీస్కా, మూడావుల పేర్లూ రాయి వెర్నా. గీత వంకర పోకూడదు. మా అమ్మ ఒప్పుకోదు."