తాడు వదిలే క్లిప్పు

పడవల షెడ్డులో ఆమె, చనిపోయిన తన భర్త పనిబల్లను తుడుస్తోంది. మరిది గుమ్మంలోనే నిలబడ్డాడు.

“వదినా, నిన్న అంత గాలిలోనూ పడవలన్నీ తిరిగొచ్చాయి.”

“మంచిది.”

“అన్నయ్య చేసిన క్లిప్పు వల్లే. గాలి మించగానే తెరచాప తాడును దానంతటదే వదిలేసింది. ఒక్కటీ బోల్తా పడలేదు.”

“మీ అన్నయ్య ఎవరెవరి పడవలకో బిగించారు. తన పడవకి రేపు చూద్దామన్నారు. ఆ సాయంత్రమే గాలికి పడవ బోల్తా పడి మునిగిపోయారు.”

“కాస్త ఏడవండి, వదినా.”

“రావడం లేదయ్యా. ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టుంది. దేనికొచ్చావో చెప్పు.”

“క్లిప్పులు పోసే అచ్చు ఇస్తారా? ఇంకా నలభైమంది అడుగుతున్నారు.”

“నీ పడవకి బిగించుకున్నావా?”

“ముందు వాళ్ళవి అయ్యాక…”

“అన్నదమ్ములిద్దరికీ ఒకటే బుద్ధి. ఇదిగో, మీ అన్నయ్య తనకోసం చేసుకున్నది. నీ పడవకి బిగించి, నన్ను పిలిచి చూపించు. అచ్చు అప్పుడిస్తాను.”